జయరాజ్ మేస్త్రి దాచలేని వార్త

కొత్తగూడెం శివారులోని ఒక ట్రైనింగ్ సెంటర్లో జయరాజ్ పైపు వెల్డింగ్ నేర్పుతాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. గ్రైండర్ మోతకు ఎడమ చెవి పోయింది. కన్ను మాత్రం అతుకు మీద వెంట్రుకంత చీలిక ఉన్నా పట్టేస్తుంది.

ఆ ఏడాది మొజాంబిక్ నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్ల సముద్రంలో గ్యాస్ పడింది. దాన్ని కొనడానికి మనలాంటి దేశాలు కాచుకుని ఉన్నాయి. అక్కడ పైపులు అతికేవాళ్లు కావాలి, ఇక్కడ ఆ పని నేర్పేవాళ్లున్నారు. రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం మీద వచ్చినవాళ్లలో జైనబు ఒక్కతే ఆడమనిషి. హాస్టల్లో ఆడవాళ్లకు గది లేక, జయరాజ్ ఇంటి మేడ మీద గదిలో దింపారు.

మొదటిరోజే ఆమె ఆయన్ని "మెస్త్రె" అని పిలిచింది.

"ఈ పిల్లకు తెలుగు ఎట్ల తెల్సు?" అని జయరాజ్ భార్య ఆరోగ్యమ్మ ఆశ్చర్యపోయింది. మన మేస్త్రి లాంటి ఆ మాట వాళ్లు మాట్లాడే పోర్చుగీసుదేనని తర్వాత తెలిసింది. సబ్బు, తువాలు అనే మాటలు కూడా రెండు భాషల్లో కలిశాయి. మిగతాదంతా వచ్చీరాని ఇంగ్లీషుతో, సైగలతో గడిచేది. జైనబుకు ఐదేళ్ల కూతురుంది, తల్లి దగ్గర వదిలి వచ్చింది. రోజూ సాయంత్రం ఫోన్లో ఆ పిల్లను ఆరోగ్యమ్మకు చూపించేది.

సోమవారం పరీక్ష ఉందనగా, గురువారం పొద్దున మేనేజర్ ఉదయ్ భాస్కర్ జయరాజ్‌ను ఆఫీసులోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ఫోన్లో వార్త చూపించాడు. గ్యాస్ ప్రాజెక్టు దగ్గరి తీర ప్రాంతంలో తిరుగుబాటుదారులు ఊళ్ల మీద పడ్డారు. ఇళ్లు తగలబెట్టారు. పని ఆగిపోయింది. కాలిన ఊళ్లలో జైనబు ఊరి పేరు కూడా ఉంది.

"మిగతా ఐదుగురిదీ రాజధాని వైపు మాస్టారూ, వాళ్లకేం భయం లేదు. ఈ అమ్మాయికి మాత్రం ఇప్పుడే చెప్పకండి. పరీక్ష అయిపోనీయండి. చెబితే చెయ్యి నిలవదు."

జయరాజ్ తలూపి బయటికి వచ్చాడు. షెడ్డులో జైనబు హెల్మెట్ కిందికి దించుకుని పని చేస్తోంది. ఆయన ఆమె వెనక నిలబడ్డాడు గానీ అతుకు వైపు చూడలేకపోయాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి మళ్లీ మూత పెట్టేశాడు. సాయంత్రం ఇంటికి వస్తే మేడ మెట్ల మీద జైనబు ఫోను పట్టుకుని కూర్చుంది.

"లైను కలవడం లేదు మెస్త్రె. అక్కడ వాన పడుతోందేమో."

"అయ్యుండొచ్చు," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకు తన తల్లి గుర్తొచ్చింది.

తొంభైలో కువైట్ మీద యుద్ధం వచ్చినప్పుడు జయరాజ్ అక్కడే, ఒక ఆయిల్ రిఫైనరీలో వెల్డరు. ఎడారి దాటి, జోర్డాన్ మీదుగా ఇల్లు చేరేసరికి రెండు నెలలు పట్టింది. ఇక్కడ ఇరుగుపొరుగు ఆయన తల్లి కనబడితే రేడియో కట్టేసేవాళ్లు. "నువ్ లేవనుకున్న బిడ్డా. అందరు నన్ను చూసి మాటలాపేటోళ్లు. ఆ చప్పుడు లేకపోవుడే నన్ను చంపింది," అని తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

"ఏమైంది, గట్లున్నరు?" అంది ఆరోగ్యమ్మ. విషయం చెప్పాడు.

"అయితే చెప్పున్రి. ఆమె బిడ్డ సంగతి ఆమెకన్న ముందు మనకెందుకు తెల్వాలె?"

మెట్లెక్కి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. పొద్దుననుంచీ తెలుసనీ చెప్పాడు. జైనబు ఏడవలేదు. ఊరి పేరు మళ్లీ ఒకసారి అడిగి, వరసగా నంబర్లు నొక్కడం మొదలుపెట్టింది. ఒక్కటీ మోగలేదు.

శుక్రవారం, శనివారం అలాగే గడిచాయి. ఆదివారం ఆరోగ్యమ్మ చర్చికి పోకుండా ఆమె పక్కనే కూర్చుంది.

సోమవారం ఉదయ్ భాస్కర్, ఆమెకు విషయం తెలిసిపోయిందని విని, పరీక్ష వాయిదా వేస్తానన్నాడు. జైనబు ఒప్పుకోలేదు. "కాగితం లేకుండా వెళ్తే నాకు ఎక్కడా పని దొరకదు. నా కూతురు ఉంటే, దానికి తిండి కావాలి." ఆ "ఉంటే" విన్నాక జయరాజ్ పక్కకు తిరిగాడు. పరీక్షలో ఆమె వేసిన మొదటి అతుకులోనే, ఎక్స్-రే తీస్తే, బెజ్జం కనబడింది; తప్పింది. నిబంధన ప్రకారం బుధవారం ఇంకో అవకాశం ఉంది.

మంగళవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. చేసింది అదే ఊళ్లో ఉండే జైనబు మరిది. పిల్లను పడవ మీద వేరే పట్నానికి తీసుకెళ్లాడు, అతని దగ్గరే ఉంది. అడవిలోకి పరుగెత్తేటప్పుడు పిల్ల చేతిలోంచి అమ్మమ్మ చెయ్యి జారిపోయిందట. అమ్మమ్మ జాడ లేదు. జైనబు ఫోను చెవికి ఆనించుకుని పిల్ల గొంతు వింటూ దాన్ని మళ్లీ మళ్లీ పేరు పెట్టి పిలిచింది. ఆరోగ్యమ్మ ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

బుధవారం అతుకు పాసయింది. సెంటర్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ శుక్రవారమే జైనబు బయలుదేరింది. ఊళ్లోనే ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్‌లో జయరాజ్ ఆమె సంచి రైలెక్కించాడు.

"సైట్ ఎప్పుడు తెరుస్తారో తెలియదు కదా. ఎట్లా మరి?"

"ముందు అమ్మను వెతకాలి మెస్త్రె," అంది.

నాలుగు నెలలైంది. కూతురు తన దగ్గరే ఉందని, ఏదో రేవులో పడవల మరమ్మతు పని దొరికిందని జైనబు కబురు పెట్టింది. గ్యాస్ సైట్ ఇంకా తెరవలేదు. తల్లి కబురు లేదు. ఇప్పుడు జయరాజ్ ఆ తీరం పేరుతో ఏ వార్త వచ్చినా ఆగి చూస్తాడు, చూసింది చూసినట్టు ఆరోగ్యమ్మకు చెప్తాడు.