దేవరాజు వేసిన తొలి దెబ్బ

కాలేజీ పిల్లలు ఇప్పుడు బెంచీల మీద వాయిస్తున్న ఆ పాప్ పాటలో తొలి దెబ్బ మా దేవరాజుది. పాట కింద అతని పేరు లేదు. గుండె చప్పుడు ఊహించుకుని కంప్యూటర్లో తయారు చేసినామని ఆ పాట కట్టిన చెన్నై బ్యాండు కుర్రాళ్ళు ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటున్నారు.

తిరువళ్ళూరు స్టేషను దగ్గర ఒక క్యాసెట్ స్టూడియోలో నేను రికార్డిస్టుగా పనిచేసినాను. మిషన్లు విప్పి, బిగించి నేర్చుకున్న పని. ఏటా ఆడికృత్తిక పండగకు ముందు, తిరుత్తణి కొండమీది మురుగన్ స్వామికి పాడే కావడి పాటలు రికార్డు చేసేవాళ్ళం. వాటికి పంబ, అంటే నడుముకు కట్టుకునే జంట డోళ్ళు, దేవరాజు వాయించేవాడు. సినిమావాళ్ళు పిలిచినా పోలేదు. ఎందుకని నేను అడగలేదు. మొదలుపెట్టే ముందు తోలు బిగువు చూసుకునేదానికి అంచు మీద ఒక్క దెబ్బ వేసి, "మురుగా" అని గొణిగేవాడు. ఎడిటింగులో ఆ రెండూ కోసేయడం నా పని. కోయని మాస్టర్ టేపు బీరువాలో ఉండేది.

హెడ్‌ఫోను పెట్టుకుని ఆ పాప్ పాట విన్నాను. దెబ్బ వెనకాలే ఆ గొణుగుడూ ఉంది. అంటే అది కోయని టేపులోదే.

స్టూడియో మూసేటప్పుడు బీరువా తాళం ఓనరు కొడుకు సురేష్‌కి ఇచ్చినాను. కాబట్టి ముందు అతన్నే అనుమానించినాను. ఆర్.కె.పేటలో అతని సెల్‌ఫోన్ల అంగడికి పోయి అడిగితే, "టేపులమ్మి బంగళా కట్టినట్టు కనిపిస్తాండానా అన్నా? కోసింది నువ్వు, దాచింది నువ్వు. నిన్నే అడగాల" అని నవ్వినాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బ్యాండు తిరువళ్ళూరు కచేరీకి వచ్చినప్పుడు గిటారు అబ్బాయిని స్టేజీ వెనకాల నిలేసినాను. ఆ చప్పుడు ఇచ్చినవాళ్ళు పేరు వేయొద్దన్నారని తమిళంలో నసిగినాడు. దొంగసొత్తుకు కాక దేనికుంటుంది అట్లాంటి షరతు?

దేవరాజు పోయి చాన్నాళ్ళయింది. కూతురు సెల్వి తిరుత్తణిలో ఉంటూ షూ కంపెనీకి పోయివస్తుంది. ఆమెతో కలిసి ఫిర్యాదు చేద్దామని పోయినాను. కోయకముందే వాయించినవాళ్ళకు తలా ఒక కాపీ ఇవ్వడం మా స్టూడియో ఆనవాయితీ. అది నాకు ఆమె ఇంట్లో టేప్‌రికార్డరు చూసేదాకా తట్టలేదు. చప్పుడు ఎవరిదో చెవి చెబుతుంది. ఎవరు, ఎందుకు ఇచ్చినారో చెప్పదు. అది నేను నేర్చుకున్నది సెల్వి జవాబుతోనే.

"నాయన చప్పుడు టేపులోనే పోకూడదని ఇచ్చింది నేనే, పేరొద్దన్నదీ నేనే మామా. కొండమీది స్వామికి తప్ప వాయించనని నాయన మొక్కుకున్నాడు గదా. పేరేస్తే మొక్కు తప్పినాడంటారు. బస్సులో ఆ పాట వేసినప్పుడల్లా ఆ 'మురుగా' నాకొక్కదానికే వినబడతాది అనుకుంటి. నీక్కూడా వినబడిందా?"