కార్పెట్టు కింది ఒండ్రు

ఆటోనగర్లో అమలమ్మ షెడ్డుకు దారి అడిగితే చెప్పేవాళ్లు ముందు నవ్వేవారు. "కారు తీసుకెళ్తున్నారా, కార్పెట్టు తీసుకెళ్తున్నారా?" అనేవారు. అక్కడికి కారు పోదు. రేడియేటర్లు అతికే కొట్టుకీ, లారీ టార్పాలిన్లు కుట్టే కొట్టుకీ మధ్య సందులో మోటారు సైకిలు దూరడమే కష్టం. గ్యారేజీల వాళ్లు సీట్లు విప్పి, అడుగున పరిచిన కార్పెట్టును చాపలా ఊడదీసి, ట్రాలీ ఆటోలో వేసి పంపేవారు. అమలమ్మ పనల్లా దానితోనే. అది ఏ కారుదో, ఆ కారు ఎవరిదో ఆమె అడిగేది కాదు.

పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త అంతోని పోయాక ఒక గ్యారేజీలో మ్యాట్లు కడగడానికి కుదిరింది. అక్కడ అందరూ చేసేది ఒకటే. పైపుతో నీళ్లు కొట్టడం, సర్ఫు చల్లి చీపురుకట్టతో రుద్దడం, ఎండలో పారెయ్యడం. అలా కడిగిన మ్యాట్టు అప్పడంలా బిగుసుకుపోయేది. ఎందుకిలా అవుతోందని తనే చూసుకుంటూ, చెడగొట్టుకుంటూ, ఒక్కొక్కటీ కనిపెట్టుకుంది. మట్టిని తడి మీద తోమితే నూలు కుదుళ్లలోకి దిగుతుంది, కాబట్టి ముందు ఎండనిచ్చి, బోర్లించి, బెత్తంతో దులపాలి. సబ్బు ఎక్కువైతే ఆ జిగురే రేపటి దుమ్మును పట్టుకుంటుంది. మిట్టెండలో వేస్తే కార్పెట్టు వంకర్లు పోయి మళ్లీ కారులో కూర్చోదు. దాని అడుగున ఫెల్టు అని దళసరి పొర ఉంటుంది. అది విడిగా నీడన ఆరాలి. పైది ఆరింది కదా అని బిగించేస్తే కింద నానుతూనే ఉంటుంది. ఆఖర్న, ఇంకాస్త చెమ్మ ఉండగానే మెత్తటి బ్రష్షుతో ఒకే వైపుకు దువ్వితే నూలు లేచి నిలబడుతుంది. ఆరిందీ లేనిదీ తెలియడానికి చెయ్యి చాలదని ఆమె నమ్మకం. చెంప ఆనించి చూసేది. ఆ తర్వాత ముక్కు.

"కాస్త సెంటు కొట్టు అమలమ్మా, పార్టీ ఖుషీ అవుతాడు" అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండేది.

"స్నానం చెయ్యనోడికి పౌడరు పూసినట్టుంటది. నా దగ్గర కుదరదు" అనేది.

బుడమేరు వాగు పొంగిన ఏడు బెజవాడలో కార్లు మునిగిపోయాయి. నీళ్లు తీశాక సెకండ్ హ్యాండు కార్ల వ్యాపారి పవన్‌కుమార్ దగ్గర్నుంచి ట్రాలీ మీద ట్రాలీ వచ్చింది. ప్రతి కార్పెట్టులోనూ నల్లటి ఒండ్రు, వెన్నలా మెత్తగా, మురుగు కంపుతో. ఒకరోజు పవన్‌కుమారే వచ్చాడు.

"ఇన్నెక్కడివండీ పవన్ గారూ?"

"ఇన్సూరెన్సు బళ్లమ్మా. బాగుచేసి ఎవరివి వాళ్లకిచ్చెయ్యాలి. నీ పని నువ్వు చెయ్యి. వాసన మాత్రం రాకూడదు."

"తొందరైతే వేరేచోట ఇచ్చుకోండి. ఫెల్టు ఆరకుండా నేనియ్యను."

"నీ దగ్గరికొచ్చిందే అందుకు కదా!" అని అతను నవ్వాడు.

ఆ నవ్వుకు అమలమ్మ పొంగిపోయింది. ఆ నెలల్లో చేసినంత పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు. ఎండబెట్టింది, దులిపింది, కడిగింది, మళ్లీ దులిపింది. వంటసోడా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున్నే దులిపేసింది. చిరిగినచోట కుట్టింది. ఆమె చేతిలోంచి వెళ్లిన కార్పెట్టు చూసి, ఇది నీళ్లు చూసిందని కన్నతల్లి కూడా చెప్పలేదు.

జయపాల్ ఆమె తమ్ముడు. తల్లి పోయాక చంక దించకుండా పెంచింది. ఎవరిదో టాక్సీ నడిపేవాడు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ల వచ్చేలోగా సొంత బండి ఉండాలని, ఆ మూడు రోజులూ యాత్రికుల్ని తిప్పుకుంటే నిలదొక్కుకుంటానని పట్టుపట్టాడు. గన్నవరం దాటాక ఒక యార్డులో తెల్ల బండి నచ్చింది. మునిగిన బళ్లు తిరుగుతున్నాయని అప్పటికే ఊరంతా గగ్గోలుగా ఉంది.

"మెకానిక్కుని తీసుకెళ్లరా" అంది అమలమ్మ.

"మెకానిక్కు ఇంజను చూస్తాడు. మునిగిన బండిని పట్టించేది కార్పెట్టే అంటన్నారందరూ. నీ ముక్కుని మించిన మెకానిక్కు బెజవాడలో ఉన్నాడా? రా అక్కా!"

వెళ్లింది. నాలుగు తలుపులూ తీయించి, మోకాళ్ల మీద కూర్చుంది. గుమ్మం అంచున కార్పెట్టు ఎత్తి, వేళ్లు లోపలికి పోనిచ్చి ఫెల్టు తడిమింది. చెంప ఆనించింది. వాసన చూసింది. చెమ్మ లేదు, మురుగు లేదు, దాన్ని కప్పిపుచ్చే సెంటూ లేదు. నూలు పట్టులా ఒకే వైపుకు వాలి ఉంది. బండిని ఇంత బాగా చూసుకునేవాళ్లు కూడా ఉన్నారన్నమాట అనుకుంది.

"తీసుకోరా. దీనికి నీళ్లు తగల్లేదు" అంది.

ఆ ఒక్కమాట మీద జయపాల్ కొనుగోలు కాగితాలకు సంతకం పెట్టాడు.

తిరునాళ్లకి బండి బాగానే తిరిగింది. వేసవీ గడిచింది. వానలు పడ్డాక మొదలయ్యాయి దాని వేషాలు. అద్దం దానంతటదే దిగేది. హారన్ దానంతటదే మోగేది. "నీ బండికి దయ్యం పట్టిందేమో, ఫాదరు గారితో తీర్థం చల్లించు" అని స్టాండులో వాళ్లు ఎగతాళి చేశారు. ఒకరోజు కంకిపాడు దగ్గర, విమానానికి వెళ్లాల్సిన కుటుంబాన్ని నడిరోడ్డు మీద దించేసి బండి చచ్చిపోయింది. మెకానిక్కు సీట్లు విప్పి, కార్పెట్టు లాగి చూశాడు. కింద వైర్ల కొసలన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. రేకు గాడుల్లో ఒండ్రు గడ్డకట్టి ఉంది.

జయపాల్ ఆ కార్పెట్టును తెచ్చి షెడ్డులో అక్క కాళ్ల ముందు పడేశాడు.

"ముక్కు పెట్టావు కదా! చెంప ఆనించావు కదా! నీళ్లు తగల్లేదన్నావు కదా!"

అమలమ్మ దాన్ని తిరగేసింది. గేరు రాడ్డు వచ్చేచోట జానెడు చిరుగు, దాని మీద నల్ల కుట్టు. అది వల దారం. నూలు దారం తడికి చివుకుతుందని, చేపల వలలు అల్లే దారం కొనుక్కొచ్చి కుట్టేది ఆటోనగర్ మొత్తానికి ఆమె ఒక్కతే.

"ఇది నేను కుట్టిందేరా" అంది.

జయపాల్ ఆ కుట్టు వంక చూశాడు. తర్వాత నవ్వాడు. అలాంటి నవ్వు అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

"అంటే, నన్ను ముంచింది బుడమేరు కాదు. నువ్వు."

మర్నాడు ఆమె పవన్‌కుమార్ దగ్గరకు వెళ్లింది. అతను కుర్చీ చూపించలేదు గానీ మాట మర్యాదగానే మాట్లాడాడు.

"ఎవరివి వాళ్లకిచ్చేస్తారన్నారు కదండీ?"

"అన్నాను. వాళ్లొద్దన్నారు. ఇన్సూరెన్సు కంపెనీవాళ్లు వేలం వేశారు, నేను కొన్నాను, ఇంకోళ్లకమ్మాను. మీ తమ్ముడికి అమ్మింది నేను కాదు కదమ్మా! అయినా, నువ్వే పట్టుకోలేకపోయావంటే నీ పని అంత గొప్పదన్నమాట. దానికి నామీద కోప్పడితే ఎట్టా?"

తన పనిని అంత నిండుగా ఎవరైనా మెచ్చుకోవడం ఆమెకు అదే మొదలు. ఆ మెప్పు మోసుకుని ఎండలో నడిచి షెడ్డుకొచ్చింది. ఆ పూట బెత్తం పట్టలేదు.

పది రోజులు పోయాక జయపాల్, ఆ రోజు తిరిగి పట్టుకెళ్లిన కార్పెట్టును భుజాన వేసుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. మెకానిక్కు వైర్లు అతికి బండిని నిలబెట్టాడట. ఒకటి రెండు నెలలు తిరుగుతుందన్నాడట. చల్లపల్లి నుంచి వెంకటప్పయ్య గారని ఒక రైతు చూడటానికి వస్తున్నాడట.

"రేకు గాడుల్లో ఒండ్రు వానకి నాని కార్పెట్టుకంతా పట్టేసింది. కంపు కొడతంది. కడిగియ్యి అక్కా. అప్పుడు కడిగినట్టే."

"తప్పురా జయపాలూ."

"నాకు అమ్మినోడికి తప్పు కాలేదు. కడిగినదానివి, నీకు కాలేదు. నాదాకా వచ్చేసరికి తప్పయిందా?"

"నాకు తెలీక కడిగాను."

"తెలుసుకోవాలనుకున్నావా?" అన్నాడు. "వద్దులే. నువ్వు కాదంటే రింగురోడ్డులో స్టీము మిషను షెడ్డుంది. సాయంత్రానికల్లా చేసిస్తారు."

అమలమ్మ ఆలోచించింది. తను కాదంటే అది అక్కడికి పోతుంది. సాయంత్రానికి బండి మెరుస్తుంది. ఆ రైతు మునుగుతాడు. నోటితో ఆపగలిగేది కాదు ఇది.

"అక్కడ పెట్టి వెళ్లు. నేను చూస్తాను" అంది.

ఆ కార్పెట్టును ఆమె దులపలేదు. ఒండ్రు మీదే నీళ్లు పోసింది. బెత్తం మీదకి చెయ్యి తనంతట తనే పోతుంటే వెనక్కి లాక్కుంది. ముతక బ్రష్షు తీసుకుని, ఇన్నేళ్లుగా ఎవర్నీ చెయ్యనివ్వని పద్ధతిలో, పైపైన గట్టిగా తోమింది. బురద కుదుళ్లలోకి దిగడం వేళ్లకి తెలుస్తూనే ఉంది. తడిసిన ఫెల్టును విడిగా ఆరబెట్టకుండా అలాగే ఉంచి పైన మాత్రం ఎండ తగలనిచ్చింది. డ్రైవరు తలుపు పక్కన, ఎవరైనా మొదట ఎత్తి చూసే మూలలో, ఒండ్రును అసలు ముట్టుకోలేదు. మంచి పని చెయ్యడం ఆమెకు ఏనాడూ ఇంత కష్టం కాలేదు. చేసినంతసేపూ ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది.

వెంకటప్పయ్య వచ్చిన రోజు, నమ్మకంగా ఉంటుందని జయపాల్ అక్కను కూడా గుణదలలో తన ఇంటి దగ్గరికి రమ్మన్నాడు. "మా అక్కేనండీ కడిగింది. ఆటోనగర్లో అడగండి, ఎవరైనా చెప్తారు" అన్నాడు గర్వంగా. పెద్దాయన ఇంజను వంక చూడలేదు. డ్రైవరు తలుపు తీసి, చెప్పులు విడిచి, వంగి, బొటనవేలితో కార్పెట్టు అంచు ఎత్తాడు. ఏదో గిల్లి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది రోడ్డు దుమ్ము కాదు బాబూ. పొలం మట్టీ కాదు. నీళ్లు నిలబడి తీసిపోయినచోట మిగిలే ఒండ్రు. మా చేలల్లో ఏటా చూస్తన్నా." వేళ్లు తువ్వాలుకి తుడుచుకుని అమలమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, కడిగింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఏం పనమ్మా ఇది? కూలి పుచ్చుకుని ఇట్టాగా కడిగేది? మా పాలేరు గేదెని ఇంతకంటే శుభ్రంగా కడుగుతాడు."

అమలమ్మ తల వంచుకుంది. ఆయన చెప్పులు వేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

జయపాల్ అక్కను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఆమెను భయపెట్టింది. వారం తిరిగేసరికి ఆటోనగర్లో ఒక మాట పాకింది. అమలమ్మ చెయ్యి పోయింది, ముక్కూ పోయింది, పాపం పెద్దదైపోయింది అని. గ్యారేజీల ట్రాలీలు సందు ముందు ఆగడం మానేసి రింగురోడ్డు వైపు పోసాగాయి. టార్పాలిన్లు కుట్టే శౌరయ్య ఉండబట్టలేక అడిగాడు.

"ఏంటమ్మాయ్, నిజమేనా? నీ తమ్ముడే చెప్తున్నాడంట."

కాదనాలంటే ఎందుకు అలా కడిగిందో చెప్పాలి. అది చెబితే తమ్ముడి బండి సంగతి చెప్పాలి. "ఏమో బాబాయ్, వయసు కదా" అంది అమలమ్మ.

ఒక ఆదివారం గుడిలో ఫాదరు గారి పూజ అయ్యాక ఆమె జయపాల్ ఇంటికి వెళ్లింది. వాకిట్లో బండి లేదు. అతను అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"బండేదిరా?"

"అమ్మేశాను."

"ఎవరికి?"

"అవనిగడ్డ కుర్రాడు. వేరేవాళ్ల కారు తోలతన్నాడంట. సొంత బండి కావాలన్నాడు."

అమలమ్మ అరుగు పట్టుకుని కూర్చుంది. "కార్పెట్టు ఎత్తి చూళ్లేదా?"

"చూశాడు. వాసన కూడా చూశాడు. స్టీము పెట్టించి నిమ్మకాయ సెంటు కొట్టించాన్లే." ఫోను లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "నీ చేతి మీదుగా పోలేదు, సంతోషించు."

తను కావాలనే అలా కడిగిందని అతనికి తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది. పెద్దాయన అంచు ఎత్తిన క్షణంలోనే తెలిసి ఉంటుంది. అక్క పని చూస్తూ పెరిగినవాడు.

"తెలిసీ, నా చెయ్యి పోయిందని ఊరంతా చెప్పావా?"

"ఇంకేం చెప్పమంటావక్కా?" జయపాల్ ఇప్పుడు తల ఎత్తాడు. "నిజం చెబితే ఆ బండి ఎవరు కొంటారు?"