నెలవంకకు రెండో సాక్షి

హారిబ్‌కు డెబ్భై మూడేళ్ళు. ఎదుటి కొండ మీద మేస్తున్న మేకల్లో ఏది ఎవరిదో ఇంటి అరుగు మీద కూర్చునే చెప్పగలడు. అలాంటి కళ్ళు ఆయనవి. అయితే ఏం లాభం? సిద్రాన్ ఊళ్ళో ఆయన "అదిగో మేక" అన్నా సరే, జనం పక్కవాణ్ణి అడిగి గానీ నమ్మరు. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

అంతకుముందు అలా కాదు. పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి, ఊరి కాలువ నీళ్ళు ఎవరి ఖర్జూర తోటకు ఎప్పుడు మళ్ళించాలో చెప్పేది ఆయనే. ఆయన తండ్రీ తాతా చేసిన పని కూడా అదే. నీళ్ళ దగ్గర అన్నదమ్ములు గొడ్డళ్ళెత్తినా, "హారిబ్ ఏమన్నాడు?" అని ఎవరైనా అడిగితే చాలు, గొడ్డళ్ళు దిగేవి. రంజాన్ నెలవంక ఆయన చూశానంటే చూసినట్టే. అంత మాటను ఒక్క పూటలో గంగలో కలిపేసుకున్నాడు మహానుభావుడు. ఎవరికోసమయ్యా అంటే యాకూబ్ కోసం. అవును, ఇవాళ మస్కట్‌లో పెద్ద ఖగోళ శాస్త్రవేత్తై, డాక్టర్ యాకూబై, తన చిన్నతనం మీద తానే సినిమా తీయించుకున్న యాకూబ్ కోసమే.

అప్పుడు వాడికి పన్నెండేళ్ళు. తీరంలో ఎవరో నావికుడు పారేసిన దుర్భిణిలోంచి ఒక గాజుబిళ్ళ సంపాదించి, రేకు గొట్టానికి బిగించి, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని తిరిగేవాడు. ఆ గాజు అంచున గోరంత పెచ్చు లేచిపోయి ఉండేది. రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు పొద్దు గుంకగానే ఒంటరిగా బురుజెక్కి, "కనపడింది! కనపడింది!" అని కేకలు. హారిబ్ మెట్లెక్కి పైకొచ్చేలోపే కింద కాపలా ముసలాయన ఆ కేక ఎవరిదో చూడకుండానే పండగ తుపాకీ పేల్చేశాడు. హారిబ్ పడమటికి చూశాడు. ఒత్తుగా మబ్బు తప్ప అక్కడ ఏమీ లేదు. కానీ కింద అప్పటికే మేకలు తెగుతున్నాయి.

మర్నాడు ఊరంతా పండగ నమాజు చేసి, కడుపునిండా తిని, నూనె చేతులు తుడుచుకుంటుండగా జీపులో కబురొచ్చింది: నెల ఎక్కడా కనబడలేదు, ఇవాళ కూడా రోజాయే, ఉపవాసమే! తుడుస్తున్న చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"చూశానన్నది ఎవడ్రా?" అని ఊరి పెద్ద షేక్ అరిచాడు. యాకూబ్ తండ్రి ఒంటె కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ కర్ర దెబ్బ తిన్న ఒంటెలే రెండు రోజులు లేచేవి కావు. యాకూబ్ హారిబ్ వెనక నక్కి, ఆయన జుబ్బా పట్టుకుని, భయంతో తన జుబ్బా తడిపేసుకున్నాడు.

"నేనన్నాను," అన్నాడు హారిబ్.

జాలి ఒక్కటే కాదు, కొంత గర్వం కూడా ఉంది ఆ మాటలో. నా పేరుకు ఈ మాత్రం మచ్చ ఒక లెక్కా, ఏడాది తిరిగేసరికి ఊరే మర్చిపోతుంది అనుకున్నాడు. ఊరు మర్చిపోతుందా! ఊరికి వేరే పనేముంది? కాజీగారి రిజిస్టరులో "ఇతని సాక్ష్యం చెల్లదు" అని రాయించారు. నీళ్ళ వంతులకు గోడ గడియారం కొనుక్కొచ్చారు. ఆ గడియారం వారానికి పావుగంట వెనకబడేది, అయినా దాన్నే నమ్మారు. పక్క ఊరు రుమైలా వాళ్ళయితే సిద్రాన్ మనిషి కనబడితే చాలు, "పుట్టని నెలకు పురుడు పోసినోళ్ళొచ్చారర్రోయ్!" అని మొదలుపెట్టేవారు. ఆ రుమైలాయే హారిబ్ భార్య జువైనాకు పుట్టిల్లు. పండగకు పుట్టింటి గడప తొక్కి ఆమెకు నలభై ఏళ్ళయింది.

నిజం ఆమెకు కూడా చెప్పలేదు హారిబ్. ఎవరికీ చెప్పనని ఆ పిల్లాడికి మాటిచ్చాడు మరి. వాడు కాలువ గట్టున విసిరేసిన గాజుబిళ్ళను మాత్రం తెచ్చి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, పెట్టె అడుగున దాచుకున్నాడు. అదెవతో పడుచుతనంలో ఇచ్చిన గుర్తని జువైనా అనుమానం. ఏడాదికి రెండుసార్లయినా దాని మీద దెప్పేది.

సరే, సినిమా సంగతికొద్దాం. డాక్టర్ గారు పుట్టిన ఊళ్ళోనే ముందు చూపించాలని రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం బడి హాల్లో ఏర్పాటు చేశారు. సినిమా అవగానే డాక్టర్ గారు బురుజు మీద తన పెద్ద దూరదర్శినితో నెలవంక చూస్తారట, టీవీ వాళ్ళు తీస్తారట. ఊరంతా కదిలొచ్చింది. శాస్త్రం మీద ప్రేమతో కాదు, హాల్లో ఏసీ ఉందని.

తెర మీద యాకూబ్ పాలబుగ్గల పిల్లాడు. అసలు యాకూబ్ ఎండకు మాడిన ఖర్జూర గింజలా ఉండేవాడు. వాడు ఆకాశం చూసినప్పుడల్లా వెనక వయొలిన్లు ఏడుస్తాయి. గంటన్నరలో ఎన్నిసార్లు చూశాడో, మెడ పట్టేయకపోవడమే వింత. ఇంతలో ఒక మెల్లకన్ను ముసలాడొచ్చి, "నెల కనపడిందహో!" అని బొంకుతాడు. పిల్లాడు "లేదు, నా లెక్క ప్రకారం అది సాధ్యం కాదు" అని కన్నీళ్ళతో వాదిస్తాడు. ముసలాడు వాడి గొట్టం లాక్కుని బండకేసి కొడతాడు. ఆ ముసలాడి పేరేమిటనుకున్నారు? నక్షత్రాల హారిబ్! పేరు మార్చేపాటి సిగ్గు కూడా లేకపోయింది.

హారిబ్‌కు ఒళ్ళు భగ్గుమంది. చెవులు ఎర్రబడ్డాయి. పక్కన జువైనా మాత్రం తెర మీద అంచు పెచ్చు లేచిన గాజుబిళ్ళను చూసి ఉలిక్కిపడింది.

దీపాలు వెలగగానే తలలన్నీ ఇటు తిరిగాయి. "ఏం బాబాయ్, పిల్లాడి గొట్టం విరగ్గొట్టావట!" అన్నాడొకడు. డాక్టర్ యాకూబ్ జరీ అంచు శాలువాతో దిగొచ్చి, కెమెరా ఎటుందో చూసుకుని మరీ హారిబ్‌ను కౌగిలించుకున్నాడు.

"నేనెప్పుడో క్షమించేశాను బాబాయ్!"

చప్పట్లే చప్పట్లు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళను చూశాం గానీ, ఆ తెప్పనే క్షమించినవాణ్ణి ఎక్కడా చూడలేదు.

పొద్దు గుంకింది. బురుజు మీదే ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, అందరూ పడమటికి తిరిగారు. డాక్టర్ గారి దూరదర్శిని కీచుమంటూ అటు తిరిగింది, ఇటు తిరిగింది, కొండను చూపించింది, ఒక కాకిని చూపించింది. డాక్టర్ గారి నుదుట చెమట పట్టింది. చివరికి మెల్లగా హారిబ్ పక్కకొచ్చి గొణిగాడు.

"బాబాయ్, ఎక్కడుంది?"

"కొండ గండికి ఎడంగా, రెండు వేళ్ళ ఎత్తున. అక్కడుంది చూడు, వెంట్రుకంత," అన్నాడు హారిబ్. అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు ఆయనది.

యాకూబ్ గొట్టం అటు తిప్పి, "చూశాను!" అని అరిచాడు. టీవీ అబ్బాయి, "సార్, వెలుతురు చాల్లేదు, ఇంకోసారి," అన్నాడు. డాక్టర్ గారు మళ్ళీ ఆశ్చర్యపోయారు. "చెయ్యి అడ్డమొచ్చింది సార్, ఆఖరుసారి!" మూడోసారి ఆశ్చర్యపోయేసరికి నెల కాస్తా కొండ వెనక్కి దిగిపోయింది.

కాజీగారు పంపిన మనిషి మహ్ఫూద్ రిజిస్టరు తెరిచాడు. నవ్వని మనిషి. "పండగ నెలకు ఇద్దరు సాక్షులు కావాలి. డాక్టర్ గారొకరు. రెండోవారెవరు?"

ఇంకెవరైనా చూస్తేగా! కింద ఊళ్ళో ఇంటింటా మసాలా పట్టించి ఆకుల్లో కట్టిన మాంసం మూటలు పండగ కోసం కాచుకుని ఉన్నాయి.

"నేను చూశాను," అన్నాడు హారిబ్. నెల గురించి నలభై ఏళ్ళలో ఆయన నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి.

బురుజంతా గొల్లున నవ్వింది.

"మీ మాట చెల్లదు, ఇందులో రాసుంది," అన్నాడు మహ్ఫూద్.

"అలా కాదు మహ్ఫూద్ గారూ, ఈయన మంచివాడే, తీసుకోండి," అన్నాడు యాకూబ్ తొందరగా.

"ఈయన అబద్ధాలకోరని ఇందాక చూపించింది మీరే కదా?"

"సినిమా అన్నాక కొంత కల్పన ఉంటుంది..."

"ఏది కల్పన? ఆ రోజు ఈయన అబద్ధమాడటమా? ఆడలేదని చెప్పండి, ఇప్పుడే ఆ పాత రాత కొట్టేస్తాను. మరి చూశానన్నది ఎవరో కూడా చెప్పండి."

యాకూబ్ హారిబ్ వైపు చూశాడు. నలభై ఏళ్ళ కిందటి చూపే అది. ఒక్క ముక్క చాలు. హారిబ్ మనసులోనే వేడుకున్నాడు. చెప్పరా నాయనా, ఈ ఒక్కసారి చెప్పు!

డాక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "ఆలోచిస్తే, నేను చూసింది నెల కాకపోవచ్చు. మంచుపొర కావచ్చు. అనుమానం ఉంటే ఒప్పుకోవడమే శాస్త్రవేత్త ధర్మం."

దానికీ చప్పట్లు కొట్టారు! ఎంత వినయమో అని ముక్కున వేలేసుకున్నారు. మహ్ఫూద్ "కనబడలేదు" అని రాసుకుని రిజిస్టరు మూశాడు. రేపు కూడా రోజాయేనని గొణుక్కుంటూ జనం దిగిపోయారు.

ఇంటికొచ్చేసరికి జువైనా పెట్టె తెరిచి, ఆకుపచ్చ గుడ్డ విప్పి, గాజుబిళ్ళను దీపానికెదురుగా పట్టుకుని నిలబడి ఉంది. అంచున పెచ్చు లేచిన చోట సన్నగా, వంపుగా తెల్లటి గీత మెరుస్తోంది.

"ఇదేనా ఆ రోజు నెల?"

"ఇదే."

"మరి నువ్వేం చూశావు?"

"మబ్బు."

జువైనా మంచమ్మీద కూలబడింది. "నలభై ఏళ్ళు! మా అమ్మ పండగ రోజుల్లో పోతే, దొంగదానిలా ముసుగేసుకుని వెళ్ళి మట్టి వేసొచ్చాను. నాకొక్క ముక్క చెప్పకూడదూ?"

"చెబితే నువ్వూరుకుంటావా?"

"ఊరుకోను! అందుకే చెప్పాలి!" అని వలవలా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని అడిగింది. "ఇవాళ?"

"చూశాను."

ఆమె రెండోసారి అడగలేదు. లేచి, చేంతాడంత పొడుగున్న కొంగు నడుముకు బిగించి, పెరట్లో మాంసం కాల్చే గుంటలో తుమ్మ దుంగలు పేర్చి నిప్పు పెట్టింది.

పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. "ఏం పనమ్మా ఇది? రేపు రోజా కదా!"

"రోజా మీకు. మా ఇంట్లో పండగ. మా ఆయన చూశాడు."

"అయ్యో, మళ్ళీనా!"

"అవును, మళ్ళీనే!"

రెండు గంటలు గడిచాయో లేదో రుమైలా వైపు తుపాకులు మోగాయి. వెంటనే అందరి ఫోన్లూ మోగాయి. తీరాన ఇద్దరు చూశారట, రాజధాని నుంచి ప్రకటన వచ్చేసింది, రేపే పండగ! ఇక చూడాలి సిద్రాన్ ఆడవాళ్ళ పరుగులు. గుంటలన్నీ చల్లగా ఉన్నాయి. ఇప్పుడు ముట్టిస్తే నిప్పులు కావడానికి రెండు గంటలు పడుతుంది, పొద్దుటికి మాంసం మగ్గదు. ఊరు మొత్తానికి రగిలి సిద్ధంగా ఉన్నది జువైనా గుంట ఒక్కటే. మూటలు నెత్తినెత్తుకుని అందరూ అక్కడికే వచ్చారు.

జువైనా గుంటకు అడ్డంగా నిలబడింది. "మూట లోపలికి పోవాలంటే మాట బయటికి రావాలి. నెల చూసిందెవరు?"

"హారిబ్," అంది పక్కింటామె, పళ్ళు నూరుకుంటూ.

"దించు."

అలా ఒక్కొక్కరూ చెప్పారు, మూట దించారు. హారిబ్ సిగ్గుతో చితికిపోతూ, పొడుగాటి కర్రతో నిప్పులు సర్దుతున్నాడు. ఇంతలో శాలువా పొగబారకుండా ఎత్తిపట్టుకుని డాక్టర్ యాకూబ్ మూటతో వచ్చాడు. జువైనా గాజుబిళ్ళ చూపించింది. ఆయన మొహం పాలిపోయింది.

"నిన్ను రెండడుగుతాను. ఇవాళ చూసిందెవరు? ఆ రోజు చూశానన్నదెవరు?"

"పిన్నీ, అవన్నీ ఇప్పుడెందుకు? సినిమా దేశమంతా..."

"దేశం సంగతి నాకెందుకు? అనుమానం ఉంటే ఒప్పుకోవాలన్నావుగా, ఒప్పుకో."

డాక్టర్ గారు మూటతో సహా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

కొంచెంసేపటికి చేతికర్ర చప్పుడైంది. యాకూబ్ తల్లి రాయా వస్తోంది. తొంభై ఏళ్ళ మనిషి. అదే మూటను నేల మీద ఈడ్చుకొస్తోంది. గుంట దగ్గరికొచ్చి, ఎవరూ అడక్కముందే చెప్పింది.

"ఇవాళ చూసింది హారిబ్. ఆ రోజు చూశానని కూసింది నా కొడుకు."

హారిబ్ చేతిలో కర్ర ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది రాయక్కా?" అంది జువైనా.

"ఆ రోజే. వాడి తడిసిన జుబ్బా ఉతికింది నేనే కదా."

"నలభై ఏళ్ళు నోరు మూసుకున్నావా?"

"కన్నదాన్ని కదమ్మా."

"నా మొగుణ్ణీ ఒకమ్మే కంది," అంది జువైనా.

జువైనా మూటను ముట్టుకోలేదు. హారిబే వచ్చి రాయా చేతిలోంచి దాన్ని అందుకున్నాడు. పక్కగా జాగా చేసి గుంటలోకి దించి, పైన రేకు వేసి, మట్టి కప్పాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి కాలువ గట్టుకు నడిచాడు. జువైనా వెనకనుంచి కేకేసింది.

"రేపు నమాజవగానే రుమైలా పోదాం. ఆ మంచి జుబ్బా తీసి పెట్టుకో!"