ఓబులేసు తాగిన మజ్జిగ

ప్రొద్దుటూరు ఓబులేసు నిలబడ్డచోట నిలబడడు. బి.ఏ. క్లాసులో కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. ఇంట్లో చెంబు కనిపిస్తే మూతి దగ్గర పెట్టుకుని ఉపన్యాసం దంచుతాడు. పంతొమ్మిది వందల అరవై రెండులో పార్లమెంటు ఎలక్షన్లకు కాలేజీ ఎగ్గొట్టి, ఒక పార్టీ ఏజెంటు తిమ్మారెడ్డి చుట్టూ ఈగలా తిరిగి, జీపులో మైకు పట్టే పని సంపాదించాడు. జమ్మలమడుగు దాటాక మొదటి పల్లెలో జీపు ఆగీ ఆగకముందే దూకి, ఎదురుగా ఉన్న అరుగెక్కి మజ్జిగ అడిగి తాగేశాడు. పల్లెలో ఎవరింట్లో గుక్క దిగితే వాళ్ల మనిషైపోయినట్టేనని ఈ టౌను పిల్లోడికి తెలీదు. అది అవతలి పార్టీ పెద్దమనిషి ఇల్లు. మూతి తుడుచుకునేలోగా రెండు పార్టీలూ రాజీపడ్డాయని ఊరంతా పుకారు. అవతలి వాళ్లు తమ పెద్దనే అనుమానంగా చూడసాగారు.

"తప్పయిపాయ మామా. మైకు మాత్రం పెరుక్కోవాక," అన్నాడు ఓబులేసు.

తిమ్మారెడ్డి మీసంలో నవ్వాడు. "మైకు ఎవడన్నా పడతాడు లేప్పా. నువ్వు ఊరికొక ఇంట్లో మజ్జిగ తాగు. యాడ తాగల్లో నేను చెప్తా."

పులివెందుల దాకా అదే పని. జీపులో వేరేవాడు మైకు పట్టి అభ్యర్థి పేరే తప్పు పలుకుతుంటే, ఓబులేసు అవతలి వాళ్ల అరుగుల మీద కూర్చుని చెవులు మూసుకునేవాడు. చివరి ఊళ్లో ఉండబట్టలేక లేచాడు. చెంబు పట్టుకున్న ఇల్లాలు అడిగింది:

"ఇంగొంచెం పోసేదా నాయనా?"

"వద్దక్కా. నేను మాట్లాడల్ల."

"మాట్లాడు, ఎవురొద్దన్నారు?"

వీధంతా ఇటు తిరిగింది. ఓబులేసు గొంతు సవరించుకుని, చెయ్యెత్తి, నోరు తెరిచాడు. పెద్ద తేన్పు వచ్చింది.