రసీదు మీద అత్త పేరు

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఇది: మా వీధి తరఫున శాసనసభ్యులకు ఇచ్చిన అర్జీలో ఒక వాక్యం నేను దొంగతనంగా చేర్చాను. ఈ ఉదయం ఇంటి పన్ను కట్టగానే ఫోనులోకి వచ్చిన సందేశంలో ఇంటి నంబరు ఉంది గాని పేరు లేదు. పైకీ కిందికీ జరిపి వెతుకుతుంటే మా మేనత్త గుర్తొచ్చి, ఇక పని మీద మనసు నిలవలేదు.

పలాసలో పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చిన కొత్తలో, పెరిగిన పన్ను చూసి, జీడిపిక్కలు కొట్టి బతికే మా వీధంతా గొల్లుమంది. మా చర్చికి పెద్ద అయిన పెదనాన్న, చిన్న ఇళ్లకు పన్ను పూర్తిగా ఎత్తేయించాలని పట్టుబట్టి, శాసనసభ్యులు కొందరు ఏదో సమావేశానికి టెక్కలి వస్తున్నారని తెలిసి అర్జీ రాసే పని నాకు అప్పగించాడు. నలుగురిలో నోరు విప్పలేని దాన్నే గాని, డైరీ రాసే అలవాటు వల్ల నా చేతిరాత బాగుండేది. ఒక్కో సభ్యుడికీ ఒక ప్రతి, అన్నీ చేత్తోనే రాశాను. వేలిముద్రలే పెద్ద తంటా అయ్యాయి. జీడి నూనె కాల్చేసిన వేళ్లకు గీతలెక్కడివి, కాగితం మీద ఉత్త మరకలే పడేవి.

అత్త తన వంతు వచ్చినా వేలు చాపలేదు.

"పన్నెత్తేత్తే రసీదియ్యరు కదే?"

ఇవ్వరన్నాను.

"మరి ఇల్లు నాదని ఏటి సూపించీది? మీ మావ పోయాక నా పేరున్న కాయితం అదొక్కటే."

రైలు కట్ట వెనక సర్కారు జాగాలో ఆమె ఇల్లు, పట్టా లేదు. ఏటేటా వచ్చిన రసీదులు బైబిల్లో దాచేది. ఖాళీ చేయమని ఎవరు వచ్చినా చదువు రాని ఆ మనిషి బైబిలు తెచ్చి వాళ్ల ముందు విప్పేది. అయినా అన్నగారి మాట కాదనలేక, చివరికి వేలిముద్ర వేసేసింది. పెదనాన్నకు చెప్పే ధైర్యం నాకూ లేదు. అందరూ వెళ్లాక, ముద్రల పైన మిగిలిన జాగాలో ప్రతి కాగితం మీదా రాశాను: పన్ను రద్దయినా ఏటేటా ఇంటివారి పేరుతో రసీదు ఇప్పించవలెను.

టెక్కలి బంగళాలో మమ్మల్ని చాలాసేపు నిలబెట్టాక, సభ్యుల్లో ఒకాయన అర్జీ పైకి చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగి పగలబడి నవ్వాడు.

"పన్ను వద్దంట, రసీదు కావాలంట! ఏటి పెద్దాయనా, అన్నం వద్దుగాని ఆకేసి కూర్సోబెట్టమంతావా?"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మిగతా సభ్యులు కాగితం మడత కూడా విప్పలేదు. పెదనాన్న నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. తిరుగు బస్సులో ఆయన తిడతాడేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, కాశీబుగ్గ దగ్గరపడ్డాక మెల్లగా అన్నాడు.

"అన్ని కాయితాలు రాసినావు, ఎక్కడో సెయ్యి జారుంటాది. పోనీలే అమ్మా."

ఆ ఓదార్పు తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

పన్ను రద్దు కాలేదు. నా వాక్యం లేకపోతే అయ్యుండేదా? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. వీధి వీధంతా పన్ను కట్టుకుంటూనే వచ్చింది, అత్త ఇల్లు మాత్రం ఎవరూ కదపలేదు. రసీదు రాగానే ఆమె నా దగ్గరకు తెచ్చి పేరు చదివించుకునేది. ఏ అక్షరాల మీద నా వేలు ఆగితే అక్కడ తన వేలూ ఆనించేది.

ఇప్పుడు పన్ను కట్టడం ఎంత సులువో! వరుసలో నిలబడక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. కానీ బైబిల్లో దాచుకోవడానికీ, చదివిపెట్టమని ఒకరి చేతిలో పెట్టడానికీ ఏమీ మిగలలేదు. అత్త మంచం పట్టిన ఏడాది రసీదు నేనే తెచ్చాను. అరుగు మీద పెదనాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన చెవిన పడకుండా ఎప్పటిలాగే గొంతు తగ్గించి ఆమె పేరు చదివాను. అత్త కళ్లు తెరవకుండానే అంది:

"గట్టిగా సదువమ్మీ, మీ పెదనాన్నకి కూడా ఇనబడాల."