పచ్చ సీసా చూసి పోసిన మందు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పుంగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. మాది కుప్పం. పుంగనూరులో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు కూడా ప్రార్థన కాగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. ఏడుపొచ్చేంత ఒంటరితనం, దాచడమెందుకు.

సీసాలు దొరకని కాలం. మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చి, డాక్టరు రాసిన చీటీతో పాటు కిటికీలో పెట్టి అరుగు మీద కూర్చునేవాళ్లు. నాకు మనుషులు గుర్తుండకపోయినా సీసాలు గుర్తుండేవి. అంచు విరిగిన పచ్చ సీసా చౌడేపల్లె అవ్వది. ఆమెకు నల్లమందు కలిసిన దగ్గు మందు. చీటీ చూడకుండానే పోసేవాడిని. అదో గొప్ప నాకు.

ఒకరోజు పొద్దున ఆ సీసా కనిపించింది. మందు పోసి, తలెత్తకుండానే కిటికీలోంచి అందించాను. మధ్యాహ్నం అవ్వ ఇంకో సీసాతో వచ్చింది.

"పొద్దున తీసుకుపోయావు కదవ్వా?"

"నేనెప్పుడొచ్చినానప్పా? పక్కింటామె బిడ్డకు జొరం. సీసా ల్యాదంటే నాది ఇచ్చినా."

కమ్మీకి గుచ్చిన చీటీలు తీసి చూశాను. ఏడాది బిడ్డకు జ్వరం మందు అని శుభ్రంగా రాసి ఉంది. నా కళ్లు చూసింది సీసానే, మిగతాదంతా నా బుర్ర కల్పించుకుంది. డాక్టరు అప్పటికే మదనపల్లెకు వెళ్లిపోయారు. అవ్వను ఆ ఇంటి గుర్తులడిగి, సైకిలెక్కి చౌడేపల్లెకు ఆగకుండా తొక్కాను.

"మంచి మందిచ్చినావప్పా. ఒక్కతూరి తాపితే ఎట్ల నిద్దరపోతాండాడో సూడు," అంది తల్లి.

అది నిద్ర కాదు, మత్తు. ఊపిరి అందీ అందనట్టు ఉంది. ముఖాన నీళ్లు చల్లాను. అరికాళ్లు గిల్లాను. భుజాన వేసుకుని పొద్దు వాలేదాకా వాకిట్లో తిరిగాను. చివరికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మందు సరిపడలేదని చెప్పి ఆ సీసా ఒంపేశాను. తల్లి దండం పెట్టింది.

"నా బిడ్డ కోసరం ఇంత దూరం వచ్చినావు. ఇంక ఇది నీ ఇల్లే అనుకోప్పా. ఆదివారం వచ్చి మాతో కూడు తిను."

ఆ ఊళ్లకు వచ్చాక నన్ను ఇంటికి పిలిచిన మొదటి మనిషి ఆమె. నిజం చెబితే ఆ పిలుపు పోతుందని నోరు మూసుకున్నాను. తీరా మూసుకున్నాక, ఆ గడప తొక్కడానికి ముఖం చెల్లలేదు. రెండేళ్లు కబురు పంపుతూనే ఉంది. ఒక్క ఆదివారమూ వెళ్లలేదు.