మంచం పక్క ప్లగ్గు

ఓడలో అందరూ అతన్ని ఫ్యూజు బాబాయి అనేవారు. యాభై ఏడేళ్ల వయసులో ఇరవై రెండేళ్లు ఈ విహార నౌకలోనే గడిచాయి. ఒడ్డున అతనిదంటూ ఉన్నది తమ్ముడి ఇంట్లో మంచం కింద ఒక సూట్‌కేసు. సెలవుకి వెళ్లినప్పుడు మరదలు దాన్ని బయటికి లాగి, దుమ్ము తుడిచి, గోడ పక్కన పెట్టేది. అతను బయల్దేరగానే మళ్లీ లోపలికి తోసేది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "నన్ను చేసుకునే పిల్ల ఈదుకుంటూ రావాలి" అని నవ్వించి తప్పించుకునేవాడు. కొన్నేళ్లకి ఆ మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు.

అతని పని ప్రయాణికుల గదుల్లో కరెంటు చూడటం. ఓడ కట్టినప్పుడు గదికి ఒకటే ప్లగ్గు పెట్టారు, అద్దం పక్కన, రాసుకునే బల్ల మీద. స్నానాల గదిలో ఇంకోటి ఉండేది గానీ అది గడ్డం గీసుకునే మిషనుకి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. అప్పట్లో అదే ఎక్కువ. తర్వాత ఫోన్లొచ్చాయి. నలుగురున్న గదిలో ఆరు ఫోన్లు, ఒక కెమెరా. ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకుంటే, నిప్పు భయమని చెప్పి ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకునేవారు. దాంతో రోజుకి పది పదిహేను ఫిర్యాదులు. బాబాయి జేబునిండా రకరకాల ప్లగ్గు పిన్నులు వేసుకుని గదిగదికీ తిరిగేవాడు.

"ఈయన ఫోను తియ్యరండీ, నాది చచ్చిపోతోంది" అనేది ఒక భార్య.

"నీ ఫోనుకేం పని? మీ చెల్లెలితో కబుర్లేగా" అనేవాడు భర్త.

"ఆ చెల్లెలు చెప్పకపోతే ఇలాంటి ఓడ ఒకటుందని మీకు తెలుసా అసలు?"

బాబాయి తీర్పు చెప్పేవాడు. వాళ్లిచ్చిన బిస్కెట్టు తిని, పిల్లల ఫోటోలు చూసి, ఎవరు ఎవరి పోలికో చెప్పి బయటపడేవాడు.

కిందటేడు ఓడని మరమ్మతుకి ఆపి, అద్దం పక్కది తీసేసి, ప్రతి మంచానికీ రెండు వైపులా కొత్త ప్లగ్గులు బిగించారు. ఫోను తీగ నేరుగా గుచ్చేసుకోవచ్చు. సగానికి పైగా గదుల్లో బాబాయే బిగించాడు. చేతినిండా పని ఉందని ఆ రెండు నెలలూ హుషారుగా ఉన్నాడు కూడా. ఓడ మళ్లీ కదిలాక గానీ సంగతి తెలిసి రాలేదు. ఫిర్యాదులు రోజుకి ఒకటో రెండో అయ్యాయి. కొన్ని రోజులు అవీ లేవు. ఫిర్యాదు నంబరు లేనిదే ప్రయాణికుల తలుపు తట్టకూడదన్నది ఓడలో గట్టి నియమం. నడుముకి తగిలించుకున్న ట్యాబ్ ఠింగుమంటే నంబరు వచ్చినట్టు. అది ఠింగుమనని రోజుల్లో బాబాయి అడుగు అంతస్తులో పంపుల మోత మధ్య నూనె తుడుచుకుంటూ ఉండేవాడు.

ఆ ప్రయాణంలో మొదటి రోజు మధ్యాహ్నం ఏడో అంతస్తు చివరి గది నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్లగ్గు కనపడటం లేదట.

తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఒక్కతే ఉంది. చేతిలో సబ్బుపెట్టెంత నల్ల డబ్బా, దాని తీగ.

"రా తమ్ముడూ. గదంతా గాలించాను. మంచం కింద కూడా దూరాను. దూరడం తేలికే, లేవడానికే అరగంట పట్టింది."

అతను దీపం దిమ్మ వెనక చిన్న మూత ఎత్తి చూపించాడు.

"హవ్వ! ఇంత భద్రంగా దాచిన మహానుభావుడెవరు?"

"నేనేనండీ."

ఆవిడ పడీపడీ నవ్వింది. డబ్బా చెవి మిషన్లదట. రాత్రి అందులో పెడితే పగలంతా వస్తాయి. పాతవి కాబట్టి మూడు గంటలు పెడితే గానీ వాటికి కడుపు నిండదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై రెండేళ్లు పనిచేసింది. "ఊళ్లో వాళ్ల మాటలన్నీ ఈ చెవుల్లోంచే పోయేవి. అరిగిపోవూ మరి?"

మూడో రోజు పొద్దున ఓడ ఆగే రేవుకి వాళ్ల అక్క వస్తోంది. పంతొమ్మిదేళ్లయింది కలుసుకుని. ఓడ అక్కడ అయిదు గంటలే ఆగుతుంది.

"అక్కకి చూపు పోయింది, నాకు వినికిడి పోయింది. నేను రాసిస్తే తను చూడలేదు, తను చెబితే నేను వినలేను. ఇవి ఉన్నాయి గనక సరిపోయింది" అంటూ డబ్బా తట్టింది. ఇద్దరికీ టీ పోసింది. "నువ్వెక్కడ పడుకుంటావు? కిటికీ ఉందా?"

"లేదండీ."

"సముద్రంలో ఉండి సముద్రం కనపడనివాడివి నువ్వొక్కడివేనయ్యా."

"ఒక్కణ్ణా? ఎనిమిది వందల మందిమి."

ఆ మాటకీ నవ్వింది. కిందికి దిగి వస్తున్నప్పుడు బాబాయికి తనలో తను నవ్వుకుంటున్నట్టు తెలిసి, మెట్ల మీద ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

రెండో రోజు పొద్దుటి నుంచీ ట్యాబ్ మూగబోయింది. పదింటికి అతను ఏడో అంతస్తు వరండాలో కరెంటు పెట్టె తెరిచి తనిఖీ చేస్తున్నాడు. గదికి రెండు స్విచ్చులు, ఒకటి లైట్లకి, ఒకటి ప్లగ్గులకి. చివరి గది ప్లగ్గుల స్విచ్చి దగ్గర వేలు ఆగింది. కాసేపు దించి ఉంచితే భోజనాల వేళకల్లా ఆవిడ పిలుస్తుంది. వెళ్లి, ఏదో తిప్పినట్టు తిప్పి, నాలుగు మాటలు మాట్లాడి వచ్చి మళ్లీ ఎత్తేస్తే సరి. ఎవరికీ పోయేదేం లేదు. దించేశాడు. వెళ్లి ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

మధ్యాహ్నం దాటినా పిలుపు రాలేదు.

"ఏంటి బాబాయ్, దాన్ని అలా చూస్తున్నావు? పెళ్లిచూపుల కబురు రావాలా?" అన్నాడు పొడుగాయన. కరెంటు పనిలో అతనూ బాబాయీ జోడీ.

"నీ పని చూసుకో."

సాయంత్రం పని దిగేటప్పుడు వెళ్లి స్విచ్చి ఎత్తేద్దామనుకున్నాడు. పడుకోబోయే ముందు తప్పకుండా పిలుస్తుందిలే అనిపించింది. బూట్లు విప్పకుండా పడక మీద ఒరిగాడు. అలాగే నిద్రపట్టేసింది.

మూడో రోజు పొద్దున ఏడింటికి ఏడో అంతస్తుకి వెళ్తే, వరండాలో ఆవిడే ఎదురైంది.

"నమస్కారమండీ. గదిలో అంతా బాగుందా?"

"ఆఁ, టిఫిన్‌కే" అంది, ఉండాల్సిన దానికంటే గట్టిగా. బాబాయి ఆవిడ చెవుల వంక చూశాడు. ఖాళీగా ఉన్నాయి.

"చచ్చాయి తమ్ముడూ" అంది ఆవిడ, అతని చూపు పట్టుకుని. "రాత్రి పెడితే డబ్బాకి లైటే రాలేదు. గదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కరెంటు తప్పు కాదు. డబ్బాయే పోయింది. ఫోను చేసి ఎవరికైనా చెబుదామంటే, అవతల వాళ్లేమంటారో నాకెలా వినపడుతుంది? అక్క పదింటికల్లా వచ్చి కూర్చుంటుంది."

బాబాయికి సంగతి అర్థమైంది. పగలంతా ఆ ప్లగ్గుతో ఆవిడకి పనే లేదు. రాత్రి పని పడేసరికి పిలవడానికి చెవులు లేకుండా చేసింది తనే.

కరెంటు పెట్టె తెరిచి స్విచ్చి ఎత్తేశాడు. అదేం స్విచ్చో ఆవిడకి తెలియదు. కానీ డబ్బా పోలేదని చెప్పాలిగా? జేబులో కాగితం తీసి, గోడకి ఆనించి రాశాడు. 'డబ్బా బాగానే ఉంది. ఇప్పుడే ప్లగ్గుకి పెట్టండి. మూడు గంటలు టైముంది.' ఇవ్వబోయి ఆగాడు. కింద ఇంకా చోటుంది. 'నిన్న ప్లగ్గు ఆపింది నేనే' అని రాసి ఇచ్చాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"ఎందుకూ?"

ఆ గొంతుకి అటుగా పోతున్న ఇద్దరు వెనక్కి తిరిగారు. బాబాయి కాగితం తీసుకుని రాశాడు. 'మీరు పిలుస్తారని.'

ఆవిడ అది రెండుసార్లు చదివింది. అతని ముఖంలోకి చూసింది.

"మా అక్కకి ఎనభై ఒకటి" అంది. ఇంకేదో అనబోయి, కాగితం మడిచి పట్టుకుని, టిఫిన్ మాట మరిచి గదిలోకి వెళ్లిపోయింది. లోపల గడియ పడింది.

పదింటికి ఓడ రేవుకి చేరింది. బాబాయి కింది డెక్కు కమ్మీ దగ్గర నిలబడ్డాడు. జనం అంతా దిగిపోయారు. తెల్లకర్ర పట్టుకున్న ఒక ముసలావిడ బెంచీ మీద, ఓడకేసి కాకుండా కొంచెం పక్కకి ముఖం పెట్టి కూర్చుని ఉంది. పదిన్నర దాటాక చివరి గది ఆవిడ ఓడ దిగింది. వెళ్లి అక్క పక్కన కూర్చుంది. ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి. అంత దూరం నుంచి అంతకు మించి ఏమీ తెలియలేదు. ఈలోగా కింద నుంచి పంపు ఆగిందని కేక వచ్చింది.

ఆవిడ చెప్పేసి ఉంటుందని, ఆ రోజంతా పెద్ద ఇంజనీరు సంజాయిషీకి పిలుస్తాడని చూశాడు. పిలవలేదు. మర్నాడు సాయంత్రం, భోజనాల ముందు, ఇద్దరి ట్యాబులూ ఒకేసారి మోగాయి. పొడుగాయన పైకి చదివాడు.

"ఏడో అంతస్తు చివరి గది. మంచం పక్క దీపం వెలగటం లేదు. మొదటి రోజు వచ్చినాయన కాకుండా ఇంకెవరినైనా పంపగలరు." తలెత్తాడు. "ఎవరా మొదటి రోజాయన?"

"నేనే. నువ్వెళ్లు."

బల్బు మార్చడం అయిదు నిమిషాల పని. ముప్పావుగంట దాటాక గానీ పొడుగాయన రాలేదు.

"ఏం మాటకారి బాబాయ్ ఆవిడ! వదిలితేనా! రేవులో వాళ్లక్కని కలిసిందట. ఉన్న కాసేపూ ఆ అక్కే మాట్లాడిందట. చిన్నప్పుడు తన రిబ్బను ఈవిడ కాజేసిందని ఇప్పటిదాకా కడుపులో పెట్టుకుందట, చూడు."

"విందటా?"

"వినకేం? అక్క ఎంత తిట్టిందో అంతా అప్పజెప్పింది నాకు." పొడుగాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంతకీ నువ్వేం చేశావు? అడిగితే 'మంచివాడేనయ్యా, కానీ వద్దు' అంది."

బాబాయి చెప్పాడు. స్విచ్చి దించడం, చొక్కా మార్చుకోవడం, ఏదీ వదలకుండా చెప్పాడు. పొడుగాయన నవ్వుదామని నోరు తెరిచి, నవ్వలేదు. లేచి కుర్చీ వెనక్కి నెట్టాడు.

"పద, అన్నం చల్లారిపోతుంది" అన్నాడు.

"నువ్వు నడువు. వస్తాను."

అతను వెళ్లాక బాబాయి ట్యాబ్ తీసి, ఆ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉండటం చూసి, పని పూర్తయినట్టు గుర్తు పెట్టాడు. చేసినవారి పేరు దగ్గర పొడుగాయన పేరు కొట్టాడు.